మారని పంతొమ్మిది లైన్లు

లస్కరు మా ఇంటికి వచ్చేసరికి ఉదయం పది దాటింది. మర్నాడు పదకొండు గంటలకల్లా అతను తనకొచ్చిన మెమోకు జవాబు కాగితం డ్రెయినేజీ ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చిన కాగితంలో పస లేకపోయినా ఔట్‌సోర్సింగ్ జాబితాలోంచి అతని పేరు కొట్టేస్తారు. కాలువల మీదా మురుగు డ్రెయిన్ల మీదా షట్టర్లు ఎత్తి దించే పనివాణ్ని మా వైపు లస్కరు అంటారు. ఇతను దివిసీమలో, హంసలదీవికి కొంచెం ఎగువన, సముద్రంలో కలిసే ఒక డ్రెయిన్ మీద పద్దెనిమిదేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు.

అతన్ని బస్సులో చల్లపల్లి మీదుగా బందరు తీసుకొచ్చినాయన మా పాత విలేకరి. నేను బందరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేసినన్నాళ్ళూ ఆయన దివిసీమ వార్తలు పంపేవాడు. పొడుగ్గా రాసేవాడు. నేను కోసేదాన్ని. ఇద్దరం రిటైరయ్యాక కూడా ఆ కోపం ఆయనకు పూర్తిగా పోలేదు.

"మేడంగారూ, ఈయన మా బావ," అన్నాడు.

"మీ ఊళ్ళో అందరూ మీకు బావలే కదండీ."

"ఈయన నిజం బావండి. మా పెద్దమ్మ అల్లుడు. పెళ్ళిలో నేనే కాళ్ళు కడిగాను, కావాలంటే అడగండి."

లస్కరు నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని, చేతి రుమాలు కొసకు కట్టిన ముడి విప్పుతున్నాడు. అందులో ఒక పెన్ డ్రైవ్ ఉంది. దాన్ని రెండు చేతులతో నాకు అందించాడు.

జరిగింది విలేకరి చెప్పాడు. ఈసారి క్లుప్తంగానే చెప్పాడు.

ఆ డ్రెయిన్‌లో రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు ఎదురెక్కుతుంది. పోటు వచ్చేటప్పుడు షట్టర్లు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు చేలల్లోకి పోతాయి. నీళ్ళు వెనక్కి తీసే పాటు మీద ఎత్తాలి, లేకపోతే చేలల్లో మురుగునీరు కదలదు. ఇన్నేళ్ళూ లస్కరు నీటిని చూసి, తిథి చూసి ఆ పని చేశాడు. ఏడాది కిందట షట్టర్లున్న కట్టడం, అంటే స్లూయిస్ పక్కన, సముద్రం వైపు, గేజీ అని ఒక గొట్టం పాతారు. అందులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. అది పావుగంటకొకసారి నీటిమట్టం కొలిచి ఆఫీసు కంప్యూటరుకు పంపుతుంది. మట్టం 0.60 మీటర్లు దాటితే లస్కరు ఫోనుకు మెసేజ్ వస్తుంది. అప్పుడు దించాలి.

శ్రావణంలో ఒకరోజు మెసేజ్ రాకముందే లస్కరు షట్టర్లు దించాడు. అదే సమయానికి పైన పెద్ద వాన పడి చేలు మునిగాయి. రైతులు ఫిర్యాదు చేశారు. సొంత నిర్ణయాలు తీసుకోవద్దనీ, మెసేజ్ వచ్చాకే దించాలనీ అతనికి మెమో ఇచ్చారు. కార్తీక పున్నమి మర్నాడు ఉప్పునీళ్ళు ఎక్కాయి. చేలల్లో గింజ పాలు పోసుకుంటోంది. మూడోనాటికి ఆకుల కొసలు ఎర్రబడ్డాయి.

"మరి ఆ పొద్దున ఎప్పుడు దించారు?" అని అడిగాను.

"తొమ్మిదీ నలభైకండి. మెసేజ్ రాలేదు. ఇంక చూడలేక దించేశాను. దించి లాగ్‌బుక్కులో టైము రాశాను."

"ఆ రాసిందే మెడకి చుట్టుకుందండి," అన్నాడు విలేకరి.

ఉప్పు ఎక్కాక ఇచ్చిన ఈ రెండో మెమోలో ఉన్నది ఇదీ. గేజీ రికార్డు ప్రకారం నీళ్ళు 0.60 దాటింది ఉదయం పది గంటలకు. అప్పటికే షట్టర్లు దించినట్టు నీ లాగ్‌బుక్కు చెబుతోంది. కాబట్టి పొద్దుటి పోటు మీద ఉప్పునీళ్ళు ఎక్కే అవకాశం లేదు. అంతకుముందు రాత్రి పోటు మీద దించిన షట్టర్లను మధ్యలో ఎత్తి, రొయ్యల చెరువుల వాళ్ళకు నీళ్ళు వదిలావని అనుమానించవలసి వస్తోంది. పైగా మెసేజ్ లేకుండా దించడం ఇది రెండోసారి. సంజాయిషీ ఇవ్వు.

"ఊళ్ళో నమ్మారా?" అన్నాను.

విలేకరే చెప్పాడు. "పోయిన చేలల్లో ఈయన తమ్ముడి చేను కూడా ఉందండి. తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు. పాలు పోసే ఆవిడ ఇంటి ముందునించే వెళ్ళిపోతోంది, గిన్నె పెట్టినా ఆగట్లేదు."

ఏఈ గారు, అంటే ఆ సెక్షను చూసే కుర్ర ఇంజనీరు, మెమో ఇచ్చిన చేత్తోనే ఆ నెల రికార్డంతా పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాడట. మా దగ్గర ఉన్నది ఇదే, చూపించుకోగలిగితే చూపించుకో అన్నాడట. విలేకరికి అప్పుడు నేను గుర్తొచ్చాను.

నేను గుర్తు రావడానికి కారణం ఉంది. మా పత్రికలో పాత ఫాంట్లు పోయి యూనికోడ్ వచ్చినప్పుడు, ఏళ్ళ తరబడి పోగుపడిన వార్తలన్నీ ఒత్తులు ఎగిరిపోయి, గుణింతాలు తారుమారై తెరుచుకునేవి. ఒక్కొక్కటీ చేత్తో దిద్దాలంటే నెలలు పడుతుంది. గుడివాడ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ అతను నాకు ఎడిటర్ అనే ఒక ప్రోగ్రాము చూపించాడు. మామూలు వెతుకులాటలో మనం రాసిన మాటే దొరుకుతుంది. ఈ ఎడిటర్‌లో నమూనా రాస్తే, ఆ ఆకారంలో ఉన్నవన్నీ దొరుకుతాయి. చుక్క పెడితే ఏ అక్షరమైనా సరే. పక్కన నక్షత్రం పెడితే ఎన్నిసార్లు వచ్చినా సరే. ఈ అంకెతో మొదలయ్యే లైను, ఆ గుర్తుతో ముగిసే లైను, ఇందాకటి మాటే మళ్ళీ వచ్చిన లైను. వాటికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లని పేరు. నేను పని నేర్చుకున్నాను గానీ పేరు చాలాకాలం సరిగ్గా పలకలేదు. ఏజెన్సీ వార్తల్లో ఒకే పేరా రెండుసార్లు రావడం రోజూ ఉండేది. అలా వచ్చినవాటిని ఏరి పారేసే నమూనా ఒకటి రాసుకుని పదేళ్ళు వాడాను.

పెన్ డ్రైవ్‌లో ఒకే ఒక్క ఫైలుంది. మామూలుగా తెరవబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది. గుడివాడ ఫోను చేశాను. ఆ సిస్టమ్స్ అతను ఇప్పుడు అక్కడ బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నడుపుతున్నాడు.

"మేడం, చుక్కా నక్షత్రం ఇంకా గుర్తున్నాయా?"

"గుర్తుండబట్టే మీకు ఫోను చేశాను. ఫైలు తెరుచుకోవట్లేదు."

"నోట్‌ప్యాడ్‌లో తెరిచారా? అందులో లక్షల లైన్లుంటే అది పడుకుంటుంది మేడం. మన పాత ఎడిటర్ పెట్టుకోండి, లింకు పంపుతున్నాను. ఇంకో మాట. అసలు ఫైలు ముట్టుకోకండి, కాపీ మీద చెయ్యండి."

ఆ చివరి మాట విన్నాను గనక బతికిపోయాను.

ఫైలు తెరుచుకునేసరికి పన్నెండైంది. జిల్లా దక్షిణాన ఉన్న గేజీలన్నీ అందులోకే రాస్తున్నాయి. ప్రతి లైనులోనూ తేదీ, టైము, గేజీ నంబరు, ఆ తర్వాత మట్టమో మరో సంగతో. సిగ్నలు లేదు, మళ్ళీ ప్రయత్నిస్తున్నాను, బ్యాటరీ ఇంత ఉంది, సిగ్నలు దొరికింది అంటూ గొట్టాలు రోజంతా గొణుక్కుంటున్నాయి. ఆ గొణుగుడు మధ్య మనకు కావలసిన లైను ఎక్కడో ఒకటి.

మొదటి నమూనాతో లస్కరుది, ఏడో నంబరు గేజీ, ఉంచి మిగతావి తీసేశాను. రెండో నమూనాతో బ్యాటరీ, సిగ్నలు లైన్లు పోయాయి. మూడోదానితో పున్నమి, ఆ మర్నాడు మాత్రమే మిగిలాయి. ఇంకా బోలెడు లైన్లున్నాయి. చెయ్యి అలవాటుగా నాలుగో నమూనా రాసింది. ముందు లైనులో ఉన్న మట్టమే తర్వాతి లైనులోనూ ఉంటే, మొదటిది ఉంచి మిగిలినవి తీసెయ్. మార్పు ఉన్న చోట్లే మిగులుతాయి. డెస్కులో పునరుక్తి మాకు శత్రువు.

లస్కరు నా వెనక నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఆయన టీ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

మిగిలిన లైన్లు చదివాను. రాత్రి పోటు పద్ధతిగా ఎక్కింది, పద్ధతిగా దిగింది. తెల్లవారుజామున 0.36 దాకా పడి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. ఐదుంబావుకు 0.42. తర్వాతి లైను పది గంటలకు, 0.97. అంతే. మెమోలో ఏముందో అదే ఇక్కడా ఉంది. పది గంటలదాకా నీళ్ళు హద్దు దాటలేదు.

మరోసారి చేశాను. కాపీకి మరో కాపీ తీసి మొదటినుంచి మూడు నమూనాలూ, నాలుగోదీ నడిపాను. అదే వచ్చింది.

నాలో అనుమానం మొదలైన క్షణం నాకు బాగా గుర్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా మనుషులు చెప్పిన మాటనూ కాగితంలో ఉన్న మాటనూ పక్కపక్కన పెట్టి చూసే పనిచేశాను. రెండూ కలవనప్పుడు ఎక్కువసార్లు కాగితమే గెలిచేది. విలేకరి బావ కదా అని నమ్మి కూర్చోబెట్టానేమో, ఇతను నిజంగానే ఆ రాత్రి షట్టరు ఎత్తాడేమో అనిపించింది. అలా అనిపించిందని ఇక్కడ రాయకపోతే మిగతా రాయడానికి నాకు హక్కు లేదు.

కుర్చీ వెనక్కి తిప్పాను.

"చూడండి. నేను కూడా అదే చూశాను. ఐదుంబావుకి 0.42. ఆ తర్వాత పదింటికే పెరిగింది. ఆఫీసువాళ్ళు రాసింది తప్పు కాదు."

విలేకరి మొహం వాడిపోయింది. లస్కరు మాత్రం తెర వైపు చూస్తూనే ఉన్నాడు. ఇంగ్లీషు అంకెలు చదవగలడు.

"ఐదుంబావుకీ పదికీ మధ్యలో ఏముందండి?"

"ఏమీ లేదు. మధ్యలో అన్నీ అదే అంకె. మార్పు లేదని తీసేశాను."

"మార్పు లేదా?"

"లేదు."

"పోటు మీదా?"

అతను టీ గ్లాసు కిటికీలో పెట్టాడు.

"అమ్మా, పున్నమి పోటమ్మా అది. నీళ్ళు ఎక్కుతాయి, లేకపోతే తీస్తాయి. నిండు పోటులో కాసేపు నిలబడినట్టుంటాయి, పావుగంటో అరగంటో. పొద్దుటినించీ పదింటిదాకా ఒక్కచోట నిలబడితే అది సముద్రం కాదు, బావి."

విలేకరి మెల్లగా అన్నాడు. "నా వార్తలు కోసినట్టే కోశారన్నమాట."

కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కాను. తీసేసిన లైన్లు ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఐదుంబావు, 0.42. ఐదున్నర, 0.42. ఐదూ నలభై ఐదు, 0.42. అలా తొమ్మిదీ నలభై ఐదు దాకా. వేలితో లెక్కపెట్టాను. పంతొమ్మిది.

"తొమ్మిదీ నలభైకి దించాక ఏం చేశారు?" అన్నాను.

"దించి రాసుకున్నాక గొట్టం వైపు చూశానండి. గుర్రపుడెక్క పెద్ద దిబ్బ కొట్టుకొచ్చి దానికి చుట్టుకునుంది. రాత్రి పాటు మీద ఎత్తినప్పుడు పైనించి వచ్చుంటది. గెడ పెట్టి నెట్టేశాను. వేళ్ళు గొట్టం చీలికలోకి పోయి పట్టేశాయి, లాగితే గానీ రాలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. ఇప్పుడా వచ్చేది అని తిట్టుకున్నాను."

"ఇది వాళ్ళకి చెప్పారా?"

"డెక్క నెట్టడం రోజూ పనే కదండీ. అది చెప్పాలని నాకు తెలీదు."

బెండును డెక్క వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. నీళ్ళు ఎక్కుతున్నా గొట్టం అదే అంకె చెబుతూ పోయింది. ఇతను గెడ పెట్టి విడిపించాక నిజం చెప్పింది. ఆ నిజమే ఇతని మీదికి తిరిగింది.

కానీ ఇది మా ముగ్గురికి తోచిన మాట. గేజీ బాగానే ఉంది, నీళ్ళే పెరగలేదు అని ఎవరైనా అంటే? మళ్ళీ గుడివాడ ఫోను చేశాను. అంతా విని అతను ఒక దారి చెప్పాడు.

"తీసెయ్యడానికి నమూనా రాశారు కదా మేడం. దాన్నే వెతకడానికి వాడండి. నాలుగుసార్లకు మించి అదే మట్టం వరసగా ఎక్కడెక్కడ వచ్చిందో నెల మొత్తం మీద అడగండి."

నెల మొత్తం మీద, ఏడో నంబరులో అలాంటి చోటు ఒక్కటే దొరికింది. ఆ పొద్దున్నే.

అప్పుడు ఇంకోటి తోచింది. మొదటి నమూనాతో నేను పారేసిన మిగతా గేజీలు. అసలు ఫైలు మళ్ళీ తెరిచి పక్క డ్రెయిన్ మీది ఎనిమిదో నంబరు తీశాను. ఆ పొద్దున ఐదున్నరకు 0.43, ఆరుకు 0.49, ఆరున్నరకు 0.55, ఏడింటికి 0.61.

"పక్క లస్కరు ఏడింటికే దించేశాడండి," అన్నాడు ఇతను. "నేను గట్టు మీంచి చూస్తూనే ఉన్నాను."

"ఈ మాటైనా చెప్పలేదా?"

"చెప్పానండి. ఆ డ్రెయిన్ వేరు, నీ డ్రెయిన్ వేరు అన్నారు."

రెండూ ఒకే సముద్రంలో కలుస్తాయి. మధ్య దూరం సైకిలు మీద పావుగంట.

సాయంత్రం అయిదింటికి జవాబు రాయడం మొదలుపెట్టాం. విలేకరి రాస్తానన్నాడు. మొదటి వాక్యం సగం పేజీ వచ్చింది. చదివి పక్కన పెట్టి, నేను చిన్నగా రాశాను. ఏడో నంబరు లైన్లూ ఎనిమిదో నంబరు లైన్లూ పక్కపక్కన పెట్టి, ఐదుంబావు నుంచి పదిదాకా ఒక్కటీ వదలకుండా ప్రింటు తీశాను. వాళ్ళు ఆరున్నర బస్సుకు వెళ్ళిపోయారు.

మర్నాడు పదిన్నరకు నేనూ ఆఫీసుకు వెళ్ళాను. అక్కర్లేదన్నారు గానీ ఇంట్లో నిలవలేకపోయాను. వరండాలో లస్కరు ఉతికిన చొక్కా వేసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. విలేకరి మాత్రం ఎవరితోనో గట్టిగా రాజకీయాలు మాట్లాడుతున్నాడు. లోపల కంగారుగా ఉంటే ఆయన అలాగే చేస్తాడు.

ఏఈ గారు కాగితాలు తీసుకుని ముందు జవాబు చదివాడు. తర్వాత లైన్ల పేజీ చూశాడు. చేతిలో పెన్సిలుంది.

"ఇవన్నీ ఒకటే కదండీ. పైకి పంపేటప్పుడు పేజీ బరువైపోతుంది. మొదటిదీ చివరిదీ ఉంచి మధ్యవి కొట్టేద్దామా?" అని నన్నడిగాడు.

"కొట్టకండి. నేనూ నిన్న అదే చేశాను," అన్నాను.

పెన్సిలు ఆగింది. అతను లైన్ల మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పక్క వరుస చూశాడు. ఇటు అంకె మారట్లేదు, అటు పెరుగుతోంది. ఎనిమిదిన్నర దగ్గర వేలు ఆపి, తలెత్తకుండానే లస్కరును అడిగాడు.

"ఎనిమిదిన్నరకి నీళ్ళెక్కడున్నాయి?"

"మడచెట్ల వేళ్ళు మునిగాయండి. ఎండ్రకాయలు గట్టెక్కాయి."

"ఎనిమిదీ నలభై ఐదుకి?"

"రెండో మెట్టు మీదున్నాయండి. నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను, ఫోను చేతిలో పెట్టుకుని. పావుగంటకోసారి చూస్తా ఉన్నానండి. మెసేజ్ రాలేదు."

"మరి తెలుస్తుంటే దించొచ్చు కదా?"

లస్కరు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం బయటపెట్టి, విప్పి బల్ల మీద ఉంచాడు. శ్రావణంలో ఇచ్చిన మెమో. కింద సంతకం ఏఈ గారిదే.

వరండాలో విలేకరి రాజకీయాలు ఆపేశాడు. ఏఈ గారు ఆ మెమో చదివాడు, తను రాసిందే అయినా మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత మా కాగితాలన్నీ ఒక పిన్నుతో కుట్టి, మీద టైము వేసి సంతకం చేశాడు. పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ.

"మా పై ఆఫీసర్ని తీసుకుని రేపు స్లూయిస్ దగ్గరికి వస్తాను. గొట్టం తీసి చూద్దాం," అన్నాడు. "నువ్వు డ్యూటీకి వెళ్ళు."

తీసి చూస్తే బెండు చుట్టూ ఎండిన వేళ్ళు ఇంకా ఉన్నాయట. నెల తిరిగేలోగా ఉత్తర్వు వచ్చింది. అనుమానం రుజువు కానందున సంజాయిషీ అంగీకరించడమైనది. ఇకపై రోజూ పొద్దున గేజీ గొట్టం శుభ్రం చేయవలెను. మెసేజ్ రాకున్నా నీటిమట్టం చూసి అవసరమైతే దించి, వెంటనే ఫోను చేయవలెను. శ్రావణపు మెమో గురించి ఆ కాగితంలో ఒక్క మాటా లేదు.

పుష్యంలో విలేకరితో కలిసి నేను ఆ స్లూయిస్ చూడడానికి వెళ్ళాను. ఉప్పెక్కిన చేలు ఎండిపోయి గడ్డి రంగులో ఉన్నాయి. తమ్ముడు మాట్లాడుతున్నాడా అని అడగబోయి ఊరుకున్నాను. లస్కరే చెప్పాడు, పాలావిడ మళ్ళీ పోస్తోందని.

పోటు తిరిగే వేళ. అతను గెడతో గొట్టం చుట్టూ డెక్క నెట్టి, మెట్ల మీద నీళ్ళు చూసి, చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. షట్టరు కిందికి దిగి నేలను తాకినప్పుడు గట్టు చిన్నగా అదిరింది. లాగ్‌బుక్కు తీసి టైము రాసుకున్నాడు. రాస్తుండగా చొక్కా జేబులో ఫోను మోగింది.

"వచ్చిందా?" అన్నాడు విలేకరి.

"వచ్చుంటదిలే బావా," అని రాసిన లైను పూర్తి చేశాకే ఫోను తీశాడు.